ఎడపల్లి దగ్గర మూడు చుట్లు

బస్సు ఆగింది. ఇవాళ ఏది ఆగినా నాకు భయమే. పదకొండు గంటలకు నా పీహెచ్‌డీ వైవా, ఎనిమిదిన్నరకు బోధన్‌లో ఎక్కాం, నిజామాబాద్‌కు గంట, అక్కడి నుంచి యూనివర్సిటీకి ఇంకో ముప్పావు గంట, మధ్యలో టైరు పంక్చరైనా రైలు గేటు పడినా సరిపోయేట్టు బాపు నిన్ననే లెక్క వేసి పెట్టాడు. ఎడపల్లి దాటగానే రోడ్డు పక్కన చిన్న ఆంజనేయస్వామి గుడి చుట్టూ ఒక కొత్త హార్వెస్టర్ తిరుగుతూ ఉంటుందన్నది మాత్రం ఆ లెక్కలో లేదు. గుడి గదంత, యంత్రం ఇల్లంత. వెనకవైపు మడిలోకి దిగుతోంది, ముందువైపు సగం రోడ్డు ఆక్రమించి తిరుగుతోంది. ఒంటినిండా బంతిపూల దండలు, చక్రాల కింద చితికిన నిమ్మకాయల వాసన కిటికీ దాకా వస్తోంది. కోతలు నెత్తిమీదికి వచ్చాయి, కొత్త బండిని దేవుడి చుట్టూ తిప్పనిదే ఎవరూ పొలంలో దించరు, వాళ్ళ తొందర వాళ్ళది. "మూడు సుట్లే, జర ఓపిక పట్టుండ్రి, పూజ కాడ లొల్లి వద్దు," అని కండక్టర్ దిగి నిలబడ్డాడు. పక్కన బాపు, అంటే మా నాన్న సీమోను, రుద్రూర్ చెరుకు పరిశోధన కేంద్రం ప్లాట్లలో ముప్పై ఏళ్ళుగా కూలి చేసే మనిషి, ఇస్త్రీ చేసిన తెల్లచొక్కా నలుగుతుందని సీటుకు ఆనకుండా నిటారుగా కూర్చున్నాడు. ఒడిలో స్టీలు డబ్బా, దాన్నిండా పరీక్ష చేసే సార్ల కోసం అమ్మ చేసిన గరిజెలు. డబ్బా మీద చర్చి పాటల పుస్తకం, దానికి బాపే ఏదో తెల్లటి కంప్యూటర్ కాగితంతో అట్ట వేశాడు. సాయంత్రం మా ఇంట్లో కృతజ్ఞత ప్రార్థన కూటం. వైవా కాకముందే కృతజ్ఞత ఏమిటి బాపూ అంటే, దేవునికి ముందే చెప్పాలె బిడ్డా, అన్నాడు.

నా ఒడిలో స్లైడ్ల ప్రింట్లు. పదిహేడో పేజీ తెరిచి ఉంది, అదే నా ఆరేళ్ళు. బంతిలా గుండ్రంగా ఉండే గెలాక్సీ అయితే ఏ గొడవా లేదు, చుక్క తన చుట్టు తాను వేసుకుంటూ పోతుంది, నడుమకు ఎన్నటికీ రాదు. మేం కంప్యూటర్‌లో చేసిన గెలాక్సీ గుండ్రం కాదు, చేత్తో ఒత్తి పెట్టిన ముద్ద, మూడు వైపులా మూడు కొలతలు, పైగా ఆ ముద్ద మొత్తం తనలో తాను మెల్లగా తిరుగుతూ ఉంటుంది, దాని నట్టనడుమ ఒక బ్లాక్ హోల్. అలాంటి చోట కొన్ని చుక్కలు నడుమకు దూరంగా చుట్టూ తిరుగుతాయి, అవి బతికిపోయినట్టే. కొన్ని మాత్రం ఈ కొస నుంచి ఆ కొసకు ఊగుతూ ప్రతిసారీ నడుమలోంచే పోతాయి, ప్రతిసారీ కాస్త వేరే దారిన. వందసార్లు ఏమీ కాదు. వెయ్యిసార్లు ఏమీ కాదు. ఒకసారి మరీ దగ్గరగా పోతుంది. జనం అనుకున్నట్టు బ్లాక్ హోల్ మింగడం చాలా అరుదు, దారి తప్పిస్తుంది అంతే, ఆ తర్వాత ఆ చుక్క ఎటు పోతుందో ముందుగా చెప్పగల లెక్క లేదు. ఇది మొదటిసారి చదివిన రోజు నాకు హాస్టల్లో అన్నం సహించలేదు. బాపుకు చెబితే "మింగదా? మరి గంత పెద్ద బొంద ఉండి ఏం ఫాయిద?" అని నవ్వాడు. నాకు నవ్వు రాలేదు, ఇప్పుడూ రాదు, ఎందుకంటే ప్రతిసారీ నడుమలోంచి పోయే ఆ చుక్కలను చూస్తే నాకు ఎవరో తెలిసినవాళ్ళను చూసినట్టుంటుంది. బడిలో టీచరు పేరు పిలిస్తే, ఆదివారం కంఠతా వాక్యం చెప్పడానికి లేస్తే, సెమినార్‌లో మైకు చేతికిస్తే, ప్రతిసారీ ఈసారి బయటపడిపోతానని నా కడుపులో ఒకటే భయం, ఏం బయటపడుతుందో మాత్రం నాకే తెలియదు.

పదిహేడో పేజీ చెప్పేదిది: గెలాక్సీ తిరిగే దిక్కునే తిరిగే చుక్కలు నడుమ బొంద ఉన్నా దారి తప్పవు, ఎదురు దిక్కున తిరిగేవే చెదిరిపోతాయి. నాలుగు వేల ఆరువందల చుక్కలను కంప్యూటర్‌లో తిప్పి తేల్చిన మాట. మాకు ముందు ఇలాంటి నమూనా చేసినవాళ్ళకు దీనికి ఉల్టా వచ్చింది. అందుకే మాది కొత్తదయింది, పేపర్ అచ్చయింది, మా గైడు ఉదయశ్రీ మేడం నన్ను మొదటిసారి ఇంటికి భోజనానికి పిలిచింది. నాకు ఆ మాట నచ్చింది కూడా, ఎందుకు దాచాలి, అందరితో పాటు తిరిగితే క్షేమం అన్నది మా ఇంట్లో సైన్స్ లేకుండానే తెలిసిన సంగతి. హార్వెస్టర్ మొదటి చుట్టు ముగించి మళ్ళీ మా ముందుకొచ్చింది. కిటికీలోంచి చూస్తుంటే కుడి నుంచి ఎడమకు పోతోంది. ఒడిలో పదిహేడో పేజీలో గెలాక్సీ తిరిగే దిక్కుకు నేను గీసిన ఎర్ర బాణం కింది అంచున ఎడమ నుంచి కుడికి పోతోంది. ఉల్టా, అనుకున్నాను, ఊరికే, రోడ్డు మీద లారీ నంబర్లు కూడినట్టు. బాణం నేను గీశాను. చుక్కల దారులు దిలీప్ రాసిన కోడ్ గీసింది. దిలీప్ ప్రతి శనివారం గుడికి పోయేవాడు. ఈ మూడు మాటలు ఒకదాని పక్కన ఒకటి ఎందుకొచ్చి కూర్చున్నాయో అర్థం కాకముందే ఆ బాణం మీద వేలు పెట్టి కప్పేశాను.

దిలీప్ వర్నిలో రామకోటేశ్వరరావు గారి అబ్బాయి, నాతోపాటే పీహెచ్‌డీలో చేరాడు. వాళ్ళ తాత కోస్తా నుంచి వచ్చి నిజాంసాగర్ కాలువ కింద భూమి కొన్నాడు, బాపు పెళ్ళయిన కొత్తలో వాళ్ళ పొలంలోనే పనిచేశాడు. నాకు ఎనిమిదేళ్ళప్పుడు వాళ్ళు కట్టించిన గుడిలో శ్రీరామనవమి, పాత, కొత్త పనివాళ్ళ పిల్లలందరినీ పానకానికి పిలిచారు. మేం చర్చికి పోయేవాళ్ళం, అయినా పానకానికి మతమేముంది, నేనూ పోయాను. మా చర్చిలో ఎవరూ దేని చుట్టూ తిరగరు, నేరుగా పోయి కూర్చుంటాం, నేరుగా లేచి వస్తాం. ఇక్కడ అందరూ తిరుగుతున్నారు కదా అని నేనూ బయల్దేరాను, పానకం బిందె ఉన్న వైపు నుంచి. గర్భగుడి వెనక చీకటిగా ఉండింది, జిడ్డు నూనె వాసన, చల్లటి రాయి. ఆ మూలలో ఎదురుగా దిలీప్, వాడి వెనక వాళ్ళమ్మ రాధాకుమారి గారు, ఆమె వెనక బోలెడంతమంది, అందరూ నాకు ఎదురే. అందరూ ఆగిపోయారు. రాధాకుమారి గారు మంచి మనిషి, కొట్టలేదు, తిట్టలేదు, నా జబ్బ పట్టుకుని మెల్లగా వెనక్కి తిప్పింది. "అటు కాదమ్మా, ఇటు. అలా తిరక్కూడదు," అంది. అంతే. గ్లాసులో పానకం నా గౌను మీద పడింది. ఇంటికొచ్చి లక్ష్మవ్వకు చెబితే, లక్ష్మవ్వ అంటే మా నాయనమ్మ, చుట్ట నోట్లోంచి తీసి, "ఎడమకు తిరిగినవా? గది కాష్టం కాడ తిరిగేదే పిల్లా," అంది, అని మళ్ళీ చుట్ట పెట్టుకుంది. ఆ వారంలోనే మా పక్కింటి అంజవ్వ పోయింది. ముసలిది, మంచంలో పడి ఏడాది, ఎవరైనా ఊహించిన చావే. కానీ నేను తిరిగినందుకే పోయిందని నాకు తెలుసు, నాకొక్కదానికే తెలుసు, అందరూ ఏడుస్తుంటే నేను కోళ్ళగూడు వెనక కూర్చుని దేవునితో బేరమాడాను, ఎవరికీ చెప్పకు, ఇంకెప్పుడూ ఎదురు తిరగను. ముప్పై ఒక్కేళ్ళు వచ్చాయి, ఆ మాట ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు.

అయితే దిలీప్‌కు ఎటు తిరగడం ప్లస్? పుస్తకాల్లో ఎడమచెయ్యి లోపలికి ఉండేట్టు తిరిగేదే ప్లస్, నాకు దిక్కు నేర్పింది పుస్తకమే. వాడికి నేర్పింది? నాలుగేళ్ళ కింద పీహెచ్‌డీ వదిలేసి వర్నిలో ఎరువుల దుకాణం పెట్టుకున్నప్పుడు కోడ్ నా పెన్‌డ్రైవ్‌లో వేసి ఇక నీదే అన్నాడు, ఆ కోడ్‌లో తిరిగే వేగం ఎదుట ప్లస్ మాత్రమే ఉంది, ప్లస్ అంటే ఎటో ఒక్క ముక్క రాసిలేదు. నేను అడగలేదు. హార్వెస్టర్ రెండో చుట్టు వెనకవైపు మడిలోకి దిగింది, ఇంజను చప్పుడు గుడి అవతల మెత్తబడింది. ఫోన్ తీశాను. దిలీప్‌కు కలిపాను.

"ఏంటి డాక్టరు గారూ! అప్పుడే అయిపోయిందా?"

"లేదు దిలీప్, బస్సుల ఉన్న. ఒక్క మాట చెప్పు. నీ కోడ్‌ల గెలాక్సీ తిరిగే వేగం ప్లస్ పెడ్తె ఎటు తిరుగుతది?"

"ఎటేంటి? మామూలుగానే."

"మామూలుగ అంటే?"

"ప్రదక్షిణం తిరిగే వైపు. కుడిచెయ్యి లోపలికుండేలా. ఇంకెటు తిరుగుద్ది ప్రిస్కిల్లా, ఏదైనా?" అవతల ఎవరో యూరియా అడుగుతున్నారు, వాడు వాళ్ళకు ఏదో చెప్పి మళ్ళీ వచ్చాడు. "ఎందుకూ? ఏమైంది?"

"ఏం లేదు."

"సాయంత్రం మీ కూటానికి అమ్మ కూడా వస్తానంటోంది. నీకు చీర తీసింది, చెప్పొద్దంది, చెప్పేశాను."

ఫోన్ పెట్టేశాను. హార్వెస్టర్ మూడో చుట్టు కూడా అయిపోయి గుడి ముందు ఆగింది, కొబ్బరికాయ కొట్టారు, జనం పక్కకు తప్పుకున్నారు, కండక్టర్ ఎక్కి రైట్ రైట్ అన్నాడు. బస్సు కదిలింది. నేనెందుకు కదులుతున్నానో నాకు తెలియలేదు. గెలాక్సీ కుడికి తిరుగుతుంటే ఎడమకని బాణం గీశాను, దాన్నిబట్టి చుక్కలకు పేర్లు పెట్టాను, వెంట తిరిగేవి, ఎదురు తిరిగేవి. వెంట అన్నవన్నీ ఎదురు. ఎదురు అన్నవన్నీ వెంట. నాలుగు వేల ఆరువందలు. దారి తప్పనివి ఎదురు తిరిగినవే, చెదిరిపోయినవి వెంట నడిచినవే. ముందు చేసినవాళ్ళు చెప్పింది అక్షరాలా అదే. కొండను తవ్వి ఎలుకను పట్టడమంటే ఇదే, అదీ తోకవైపు నుంచి పట్టి ఏనుగని పేపరేయించాను.

ఎవరు కనిపెడతారు? మనసు ఎంత త్వరగా దొంగవుతుందో చూడండి, జానకంపేట రాకముందే లెక్కలు మొదలుపెట్టింది. మేం ప్రతి చుక్కకూ ఒక పరీక్ష పెట్టాం, దారంతా మారకుండా ఉండాల్సిన ఒక సంఖ్య, అది పదో దశాంశం దాకా కదల్లేదు, దాన్ని చూపించి ఎంతమంది దగ్గర మెప్పు పొందామో. ఆ సంఖ్యలో తిరిగే వేగం వర్గమై కూర్చుంటుంది, వర్గంలో ప్లస్సూ మైనస్సూ ఒకటే. అద్దంలో చూసిన ముఖం కూడా ముఖమే కదా, ఎక్కడా పగులు ఉండదు, ఎవరికీ కనబడదు. బెంగుళూరు నుంచి వచ్చే ప్రొఫెసర్‌కు కనబడుతుందా? ఆయన రిపోర్ట్‌లో ఫలితం ఆశ్చర్యకరం అని రాశాడు. ఆశ్చర్యకరం అంటే మెచ్చుకోలనుకున్నాను నెల రోజులు. ఇప్పుడు తలుచుకుంటే ఆయన నవ్వుతూ అడగబోయే మొదటి ప్రశ్న అదేనేమో, అమ్మాయీ, ఈ బాణం ఎటు? ముందు సీట్లోని ముసలామె వెనక్కి తిరిగి నన్ను చూసింది. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు నేను పదిహేడో పేజీ మూసేశాను. ఆమె చూసింది కిటికీ మూయమని.

చెబితే ఏమవుతుంది? వైవా ఆగుతుంది. పేపర్ వెనక్కి తీసుకోవాలి, దాని మీద మేడం పేరుంది, దిలీప్‌కు కృతజ్ఞతలున్నాయి. ఫెలోషిప్ గడువు డిసెంబరుతో సరి. ఆదివారం పాస్టరయ్య అందరిముందు నన్ను నిలబెట్టి, మన సంఘంలో నుంచి నక్షత్రాల డాక్టరమ్మ అన్నాడు, పిల్లలు చప్పట్లు కొట్టారు. చెప్పకపోతే ఏమవుతుంది? ఏమీ కాదు. అదే భయం. మూడు నెలలు ఏమీ కాదు, మూడేళ్ళు ఏమీ కాదు, ప్రతిసారీ కాస్త వేరే దారిన ఆ నడుమలోంచే పోతుంటాను, ప్రతి సెమినార్‌లో, ప్రతి ఉత్తరం విప్పినప్పుడు, ఎక్కడో ఎవరో ఒక పిల్ల నా పేపర్ నమ్ముకుని పని మొదలుపెట్టి, తనకు ఉల్టా వస్తే తనదే తప్పనుకుని...

అక్కడ ఆగిపోయాను. తనదే తప్పనుకుని. ఆ పిల్ల నాకు తెలుసు.

రెండేళ్ళ కింద ఎండాకాలం. హాస్టల్ మూసేస్తే ఇంటికొచ్చాను. పొద్దుపోక దిలీప్ కోడ్ ముట్టుకోకుండా, పుస్తకం పక్కన పెట్టుకుని, మొదటినుంచి నేనే ఒక చిన్న కోడ్ రాసుకున్నాను, సరిచూసుకుందామని. నలభై చుక్కలు తిప్పాను. నలభైకి నలభై ఉల్టా వచ్చాయి. బోధన్‌లో జిరాక్స్ దుకాణానికి పోయి పెద్ద కాగితం మీద ప్రింటు తీయించి, అరుగు మీద పరిచి, ఒకటిన్నర రోజు దాన్ని చూస్తూ కూర్చున్నాను. ఇప్పుడు కూడా ఆ ఎండ, ఆ కాగితం అంచుల మీద నేను పెట్టిన చెప్పులు, చెరుకు పిప్పి కాలుతున్న వాసన, అన్నీ గుర్తున్నాయి. గుర్తు లేనిది ఒక్కటే, దిలీప్‌ది తప్పు కావచ్చన్న ఆలోచన. అది రాలేదు. ఒక్కసారి, ఒక్క నిమిషం కూడా రాలేదు. వాడు ఇంగ్లీషు మీడియం, వాడు ఎనిమిదో తరగతిలోనే కంప్యూటర్ కొనిపించుకున్నవాడు, వాడి వెనక బోలెడంతమంది. ఎదురెదురుగా ఇద్దరు వస్తే తప్పు దిక్కున వచ్చింది నేనే అయ్యుంటాను, అది నాకు ఎనిమిదేళ్ళకే తెలుసు కదా. ఎవరూ నా జబ్బ పట్టుకోలేదు, నేనే పట్టుకుని వెనక్కి తిప్పుకున్నాను. కోడ్ చెరిపేశాను. మేడానికి చెప్పలేదు. కాగితం ఇంట్లో పాత కాగితాల్లో పడేశాను. ఇది దిలీప్ తప్పు కాదు, వాడు ఊపిరి పీల్చినంత మామూలుగా ఒక దిక్కు ఎంచుకున్నాడు, ఎవరడిగినా చెప్పేవాడు, ఇవాళ చెప్పినట్టే, ఒక్క ఫోన్. నేను అడగలేదు. భయపడి అడగలేదు. నాకు ఏడుపొచ్చింది, బస్సులో ఏడవడం నాకు చచ్చేంత సిగ్గు.

"ఏమైంది బిడ్డా? ముఖం గట్ల తెల్లవడ్డది. పొద్దుగాల ఏం తినకపోతివి. గరిజె తీయన్నా?"

"వద్దు బాపు. ఒకటి తప్పు చేసిన." ఎలా చెప్పాలో తెలియక చేత్తో గాలిలో గీసి చూపించాను. "ముద్ద ఇటు తిరుగుతున్నది. నేను అటు తిరుగుతున్నదని రాసిన. చుక్కలకన్నిటికి పేర్లు ఉల్టా వడ్డయి."

బాపు నా చేతినే చూశాడు. "డాక్టర్‌గిరి ఇయ్యరా?"

"చెప్తే ఇయ్యకపోవచ్చు. ఇయ్యాల్టికైతె ఇయ్యరు."

"ఎవలకన్న ఎర్కేనా గీ ముచ్చట?"

"ఎవలకు ఎర్క లేదు."

బాపు కిటికీ బయటికి చూశాడు. వరి పసుపుగా మారింది, మధ్యమధ్య చెరుకు మళ్ళు, ఒకప్పుడు అన్నీ చెరుకే. ఆయన గొంతు బాగా తగ్గించి, "ఎవలకు ఎర్క లేకపోతె..." అని మొదలుపెట్టి ఆపేశాడు. తలుపు దగ్గర ఎవరో విన్నట్టు చుట్టూ చూశాడు. మా బాపు భయపడగా నేను చూసింది రెండుసార్లే, అమ్మకు పాము కరిచినప్పుడు ఒకసారి, ఇప్పుడు. నాకు ఈ భయం ఎక్కడి నుంచి వచ్చిందో ఆ క్షణంలో కళ్ళారా చూశాను, ఆయన మెడ మీద నరం కొట్టుకుంటోంది, నాది కూడా అక్కడే కొట్టుకుంటుంది. ఆయన మీద కోపం రాలేదు. నేను జానకంపేట దాకా అనుకున్నదే ఆయన అర ముక్క అన్నాడు.

"పాస్టరయ్యకు ఫోన్ జెయ్యాల్నా? కూటం వద్దని?"

"తెల్వది బాపు."

రైలు పట్టాలు దాటాం. బాపు డబ్బా మీద వేళ్ళతో ఏదో లెక్కపెడుతున్నాడు. నిజామాబాద్ కనబడుతుండగా ఉన్నట్టుండి నా వైపు తిరిగి, "అన్నిటియా? కొన్నిటియా?" అన్నాడు.

"ఏంటివి?"

"పేర్లు. ఉల్టా వడ్డయంటివి. అన్నిటియా, కొన్నిటియా?"

"అన్నిటియి. నాలుగు వేల ఆరువందలు."

"అన్నైతె మంచిదే గద. మా మళ్ళల్ల రెండు చీటీలు మారినయనుకో, ఏ చెరుకు ఏదో ఎవనికి తెల్వది, కాలవెట్టుడే. అన్ని చీటీలు ఒక్కతీర్గ ఉల్టా వడ్డయనుకో, మల్ల తీసి పెట్టుకుంటె అయిపాయె. చెరుకు చెరుకే ఉండె." చెప్పాక కూడా ఆయన మెడ నరం కొట్టుకుంటూనే ఉంది.

ఆరేళ్ళు యూనివర్సిటీలో చదివిన నాకు ఎడపల్లి నుంచి ఇక్కడి దాకా ఆ మాట తట్టలేదు. దారులు దారులే. చుక్కలు ఎక్కడికీ పోలేదు. పోయేది ఆశ్చర్యకరం అన్న ఒక్క మాట, దానితోపాటు బహుశా నేను. బస్టాండ్‌లో దిగాం. మనుషులు నాలుగు వైపుల నుంచి వచ్చి నన్ను రాసుకుంటూ పోతున్నారు, మైకులో దెగ్లూర్ బస్సు గురించి మరాఠీ కలిసిన తెలుగులో ఏదో చెబుతున్నారు, నేను ఒక స్తంభానికి ఆనుకుని మేడానికి ఫోన్ చేశాను, ఇంకో ఐదు నిమిషాలు ఆగితే చేయనని తెలిసి. చెప్పాను. ప్లస్సు, ప్రదక్షిణం, బాణం, పేర్లు. మేడం మెత్తగా నవ్వింది.

"ప్రిస్కిల్లా, వైవా ముందర అందరికీ ఇలాగే అనిపిస్తుంది. నాకూ అనిపించింది. ఆరేళ్ళుగా ఆ కోడ్‌తో పనిచేశాం, పేపర్ వేశాం, ఎవరూ ఒక్క మాట అనలేదు. టెన్షన్‌లో నువ్వే ఏదో తారుమారు చేసుకుంటున్నావు. నీళ్ళు తాగి, మెల్లగా రా."

ఆ మాట ఎంత చల్లగా ఉందో చెప్పలేను. ఎండలో నడిచొచ్చిన కాళ్ళ మీద కాలువ నీళ్ళు పోసినట్టుంది. నువ్వే తారుమారు చేసుకుంటున్నావు. అవును, నేనే అయ్యుంటాను, ఎప్పుడూ నేనే, మేడమే అంటోంది కదా, ఇక నాదేం లేదు. నేను ఊ అంటే చాలు. నా జబ్బ పట్టుకున్న చెయ్యి అప్పుడు కూడా ఇంత మెత్తగానే ఉండింది. ఊ అనడానికి నోరు తెరిచాను.

"పోనీ, నువ్వంటున్న దానికి వేరే రుజువేమైనా ఉందా?" అంది మేడం.

"ఉండె మేడం," అన్నాను. "తీసేసిన."

పక్కన బాపు బెంచీ మీద డబ్బా పెట్టి, నిలబడే పాటల పుస్తకం తెరిచాడు. ఆయనకు భయమేస్తే ప్రార్థన రాదు, పాట వెతుక్కుంటాడు. పేజీలు తిప్పుతుంటే అట్ట లోపలి మడత ఊడి బయటికి వేలాడింది. తెల్లగా ఉన్నది పైవైపు మాత్రమే. లోపలి వైపు ముద్రించి ఉంది, సన్నటి గీతలు, చుట్లు చుట్లుగా, వాటి మీద చిన్న చిన్న బాణాలు. ఫోన్ చెవి దగ్గరే పట్టుకుని రెండో చేత్తో ఆ మడత లాగాను. "అట్ట చింపుతవేందే! మొన్ననే ఏస్తి. ఎటుపోయి పారేసిన కాయిదమాయె," అన్నాడు బాపు. పుస్తకం నుంచి కాగితం మొత్తం విప్పి స్తంభానికి ఆనించి పరిచాను. మడతల మీద మైనం మరక ఉంది, ఒక మూల చిరిగింది. వరుసకు ఎనిమిది చొప్పున ఐదు వరుసలు, నలభై. గెలాక్సీ తిరిగే వేగం, దిక్కు, రెండూ పైన ముద్రించి ఉన్నాయి, ఎడమచెయ్యి లోపలికి, నేను ఏదీ వదలకుండా రాసుకునేదాన్ని. వెంట తిరిగే ఇరవై చుక్కల దారులూ నడుమలో చెదిరి గీతలు గీతలుగా పాడైపోయి ఉన్నాయి. ఎదురు తిరిగే ఇరవై చుట్టిన దారపు ఉండల్లా చెక్కుచెదరకుండా ఉన్నాయి. కింద పెన్సిల్‌తో నా అక్షరాలే, తప్పు నాదే, మళ్ళీ చూడనవసరం లేదు.

"ప్రిస్కిల్లా? ఉన్నావా?"

"ఉన్న మేడం. నేను తారుమారు చేసుకుంటలేను. రుజువు దొరికింది, తీస్కొస్తున్న. మీరు బెంగుళూరు సార్‌కు ముందే చెప్తె మంచిది, లేకుంటె నేనే మొదలు చెప్త."

ఈసారి నవ్వు లేదు. "నీకు తెలుసు కదా ఏమవుతుందో," అంది మేడం, ఆ గొంతులో కోపముందో భయముందో నాకు తెలియలేదు. తెలుసు మేడం అన్నాను. ఫోన్ ఆగిపోయింది, ఆమె పెట్టేసిందో సిగ్నల్ పోయిందో తెలియదు. కడుపులో భయం ఉన్నచోటే ఉంది, ఒక్క అంగుళం కూడా తగ్గలేదు. కాగితాన్ని పాత మడతల మీదే మడిచి స్లైడ్లలో పదిహేడో పేజీ మీద పెట్టాను. అట్ట లేని పాటల పుస్తకాన్ని బాపు చొక్కా అంచుతో తుడిచి, డబ్బా ఎత్తుకుని, జనంలో అటూ ఇటూ చూశాడు.

"ఎటు పోవాలె బిడ్డా?"

చెయ్యెత్తి చూపించాను. బాపు ముందు నడిచాడు, ఎదురొచ్చే జనాన్ని తప్పించుకుంటూ, డబ్బా గుండెకు పట్టుకుని, నేను ఆయన వెనక నడిచాను.